పెద్దమ్మ మీద అరవై మూడు కేసులు

ఈ రోజు పొద్దున మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక మెయిల్ పంపింది. మొదటి వాక్యమే ‘ఐ యామ్ యూజ్డ్ టు డూ టెస్టింగ్ ఇన్ మై ప్రీవియస్ కంపెనీ’. రెండో వాక్యంలో ‘డిస్కస్ అబౌట్’ ఉంది. మూడో దాంట్లో ‘సిన్స్ టూ ఇయర్స్’. నా వేళ్లు వాటంతట అవే కీబోర్డు మీదికి వెళ్లాయి. మొదటి వాక్యంలో ‘యామ్’ తీసెయ్యాలి. రెండో దాంట్లో ‘అబౌట్’ దండగ. మూడో దాంట్లో ‘సిన్స్’ బదులు ‘ఫర్’ రావాలి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు కనిపిస్తే దానికో నంబరు వేసి, ఎంత తీవ్రమైనదో రాసి, సరిదిద్దేదాకా వెంటపడడం నాకు ఉద్యోగం. ఉద్యోగం కానిచోట కూడా అదే అలవాటు. హోటల్ మెనూలో అక్షరదోషం ఉంటే నాకు దోసె రుచించదు. అయినా ఈ రోజు ఆ అమ్మాయికి జవాబు రాయబోయి ఆగి, ల్యాప్‌టాప్‌లో ఒక పాత షీట్ తెరిచాను. దాని పేరు ‘పెద్దమ్మ’. అందులో ఆరు నిలువు గళ్లు: నంబరు, తేదీ, ఆమె అన్నది, అనాల్సింది, తీవ్రత, ప్రస్తుత స్థితి. అడ్డ వరసలు అరవై మూడు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. నేను కడప జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో బోరబండలో వాళ్ల మేడమీద గదిలో కిరాయికి ఉండేవాణ్ణి. స్టేషన్ నుంచి నడిస్తే ఆరు నిమిషాలు, వాన పడితే పదకొండు. గదికి మూడు గోడలకు కిటికీలు, నాలుగో గోడకు నీళ్ల టాంకీ. రైలు వెళ్లినప్పుడల్లా టాంకీ మీది మూత సన్నగా మోగేది. ఆ మోత వినగానే కింద వంటింట్లోంచి పెద్దమ్మ, ‘ఏడు ఇరవైది వోయింది, ఇంక లేవలేదా బిడ్డా?’ అని కేక వేసేది. ఆమె గొంతు ఎలాంటిదంటే, సందు చివర తోపుడుబండి దగ్గర కొత్తిమీర బేరం చేస్తుంటే మేడమీద నాకు ధర తెలిసిపోయేది. యాభై దాటిన మనిషి, పొడగరి, నుదుట నిండుగా బొట్టు. బేరం దక్కనీ ఉర్దూలో, తిట్లు తెలుగులో. పెదనాన్న బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరై, ఇంట్లో ఉన్న అన్ని ఫ్యాన్లనూ ఒకదాని తర్వాత ఒకటి విప్పి బిగిస్తూ ఉండేవాడు. ఆదివారం పొద్దున ఆమె వేసే సర్వపిండి వాసన మెట్లెక్కి పైకొచ్చేది. నువ్వులు, కరివేపాకు, కొంచెం మాడిన అంచు. ఆ అంచు కోసం నేనూ పెదనాన్నా పోటీ పడేవాళ్లం. నేను గెలిచిన రోజులు తక్కువ.

ఆమె తల్లిగారి ఊరు రైల్లో ఒక్క స్టేషన్ దూరం. బోరబండలో ఎక్కితే తర్వాతది హైటెక్ సిటీ. అక్కడ దిగి నడిస్తే వచ్చే అద్దాల మేడల్లో ఒకటి మా ఆఫీసు. ఆ మేడలున్న చోటే ఆమె పుట్టిన ఊరి పొలాలు. ఊరు కొద్దిగా పక్కకు జరిగి, నాలుగు సందులుగా మిగిలింది. పొలాలు ఎటూ జరగలేక మేడల కిందికి పోయాయి. ఒక్క రాళ్లగుట్ట మాత్రం మా క్యాంపస్ ప్రహరీ లోపల అలాగే ఉండిపోయింది. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న మూడు పెద్ద బండలు, వాటి మధ్య ఒక వేపచెట్టు, చెట్టు మొదట్లో సున్నం వేసిన గూడు, గూట్లో పోచమ్మ. క్యాంపస్ మ్యాపులో దాని పేరు ‘గ్రీన్ జోన్ త్రీ’. దాని పక్కన నిలబడి మేం టీ తాగేవాళ్లం. చేరిన ఏడాదంతా నేను ఆ బండల్ని కంపెనీవాళ్లే అందం కోసం తెప్పించి పెట్టించారనుకున్నాను. ఆ మాట ఒకసారి పెద్దమ్మతో అంటే, ఆమె చేతిలోని చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. ‘ఏమయ్యో, ఇన్నవా? గుట్టను లారీల తెచ్చిన్రంట!’ అని పెదనాన్నను పిలిచి చెప్పింది. వారం రోజులపాటు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది.

ఏటా ఆషాఢంలో ఒక ఆదివారం ఆ ఊరి ఆడపడుచులందరూ పోచమ్మకు బోనం తీసుకెళ్తారు. పెళ్లయి ఎక్కడెక్కడికో వెళ్లినవాళ్లు, చందానగర్ నుంచి, కూకట్‌పల్లి నుంచి, అందరూ ఆ రోజుకు వస్తారు. వాళ్లలో పెద్దది మా పెద్దమ్మ, కాబట్టి మొదటి బోనం ఆమెది. క్యాంపస్ కట్టినప్పటి నుంచీ ఆ ఒక్క పూట వెనక గేటు రెండు గంటలపాటు తెరిచి ఉంచేవారు. దీనికి కాగితం ఏమీ లేదు. అప్పటి క్యాంపస్ మేనేజరు స్థానికుడు, ముందు రోజు పెద్దమ్మ ఫోన్ చేస్తే, ‘సరే అక్కా’ అనేవాడు, అంతే. నాలుగేళ్ల కిందట ఆయన బదిలీ అయ్యాడు. చెన్నై నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, హిందీ అంతకంటే రాదు. పెద్దమ్మ ఊళ్లో ఇంగ్లీషు తెలిసిన ఒక రియల్ ఎస్టేట్ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి కలిసింది. కార్డు లేనివాళ్లను, వెలిగే దీపాలను లోపలికి రానివ్వడం నియమాలకు విరుద్ధమని, కావాలంటే గేటు బయట ఒక పటం పెట్టుకుని మొక్కుకోవచ్చని మేనేజరు మర్యాదగా చెప్పి పంపించాడు.

ఆ రోజు సాయంత్రం ఆమె మేడమీదికి వచ్చి, నా గది గడప మీద కూర్చుంది. ఎప్పుడూ అలా కూర్చోదు.

‘బిడ్డా, నువ్వు తప్పులు వడ్తవంట గద నౌకరిల?’

‘సాఫ్ట్‌వేర్‌లో పెద్దమ్మా.’

‘దేంట్లయితేంది, తప్పే గద. నాకు ఇంగ్లీషు నేర్పు. నా తప్పులు వట్టు.’

నేనే వచ్చి మేనేజరుతో మాట్లాడతానన్నాను. నా ఇంగ్లీషు బాగుంటుందని కూడా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ‘వద్దు. మొన్న ఆయనెమ్మటి వోయిన. నేను పది మాటలు జెప్తే ఆయన మూడు జెప్పిండు. కడ్మ ఏడు మాటలు ఏడికి వోయినయ్? గాలిల వోయినయా? అమ్మవారికి పటం వెట్టుకొమ్మంటడా! గుట్ట గేటు అవతల్కొస్తదా? గీ ఏడు గేటు తెరవకుంటే ఇగ ఎప్పుడూ తెరవరు బిడ్డా. ఒక్కసారి బందయితే బందయినట్టే. నా మాటలు నేనే జెప్త.’

అలా మొదలైంది. ఆషాఢానికి ఇంకా రెండు నెలలుంది. నేను ఆ రాత్రే షీట్ తయారుచేశాను. ఆరు గళ్లు, పైన చెప్పినవే. పాఠం పొద్దున ఆరున్నర నుంచి ఏడు పదిహేను దాకా, మేడమీద. ఆమె ఆకుకూర తెంపుతూనో, ఎండకు మిరపకాయలు పరుస్తూనో మాట్లాడేది, నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తుమ్ముతూ రాసుకునేవాణ్ణి. ఏడో తరగతి దాకా చదువుకుంది, అక్షరాలు వచ్చు. ఇంగ్లీషు మాటలు కూడా నేను ఊహించినదానికంటే చాలా ఎక్కువే తెలుసు. టాంకీ, కరెంటు, సిమెంటు, డాక్టరు, ఫంక్షను, టెన్షను, అన్నీ ఆమెవే. ఆమెకు తెలియనివి ఆ మాటల మధ్య ఉండే చిన్న చిన్న మాటలు. ‘ఐ మ్యారీడ్ విత్ బోరబండ’ అంది మొదటి రోజు. దానికి ఒకటో నంబరు ఇచ్చాను. బోరబండలో ఉన్న మనిషిని కదా పెళ్లి చేసుకుంది అన్నాను. ‘మనిషిని జూసినానా, ముందుగాల ఊరినే జూపెట్టిన్రు’ అంది. కింద నుంచి పెదనాన్న దగ్గు వినిపించింది.

నంబరు వేసి రాసుకునే ఒక్కో తప్పును మా ఆఫీసులో టికెట్ అంటాం, వారం తిరిగేసరికి ఆమె వాటికి తన మాట పెట్టేసింది: కేసులు. ‘ఇయ్యాల ఎన్ని కేసులు వెట్టినవ్ నా మీద?’ అని అడిగేది, మిరపకాయలు తిరగేస్తూ.

‘నాలుగు పెద్దమ్మా. అందులో రెండు పాతవే, మూసేసినవి మళ్లీ తెరిచాను.’

‘బెయిలన్న దొర్కుతదా ఆమెకు?’ అనేవాడు పెదనాన్న, మెట్ల మీద కూర్చుని ఫ్యాన్ రెక్క తుడుస్తూ.

‘నీకెందుకు, నీ మీద వెట్టనీకి నువ్వు నోరే తెర్వవు.’

ప్రిపోజిషన్లు చెప్పడానికి నేను మా కాలేజీ పద్ధతిలో ఒక స్టీలు గ్లాసు, ఒక పీట తెచ్చుకున్నాను. గ్లాసు పీట మీద పెడితే ‘ఆన్’, కింద పెడితే ‘అండర్’, వెనక పెడితే ‘బిహైండ్’. మనకు ఇవన్నీ పేరు తర్వాత వస్తాయి, ఇంగ్లీషులో పేరుకు ముందే వస్తాయి అని చెప్పాను. ‘మనం ఎవరో జెప్పినంక యాడున్నరో జెప్తం. వాళ్లు యాడున్నరో జెప్పినంక ఎవరో జెప్తరు. తొందరున్నోళ్లు’ అంది. వ్యాకరణం పుస్తకాల్లో ఇంతకంటే మంచి వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు. కానీ మూడో రోజుకు ఆమెకు గ్లాసు మీద విసుగొచ్చింది. ‘గిలాస పీట మీదుంటే ఏంది, కిందుంటే ఏంది బిడ్డా? ఆ సారు నన్ను గిలాస గురించి అడుగుతడా? మా ఊరు జెప్త, రాసుకో.’

అప్పటి నుంచి గ్లాసు టీకే పనికొచ్చింది. ఆమె ఊరిని ఇంగ్లీషులో ఒక్కో వస్తువుగా పెట్టడం మొదలుపెట్టింది. గుట్ట వెనక గొర్రెల దొడ్డి. దొడ్డికీ చింతచెట్టుకూ మధ్య బాట. చింతచెట్టు పక్కన దిగుడుబావి. బావి మెట్ల మీద బట్టలు, బావి లోపల ఈత కొట్టే పిల్లలు, గట్టు మీద నిలబడి పిల్లల్ని తిట్టే వాళ్ల నాయనమ్మ. నేను ఒక కాగితం మీద డబ్బాలు గీసి, బాణాలు పెట్టి, ఆమె చెప్పినదాన్ని పటం చేశాను. ‘ఇన్ ద ట్రీ’ కాదు, ‘అండర్ ద ట్రీ’. ‘ఆన్ ద వెల్’ కాదు, ‘ఇన్ ద వెల్’. ‘ఇన్ సండే’ కాదు, ‘ఆన్ సండే’. ఇరవై ఎనిమిదో కేసు వరకూ ఇవే. రోజూ ఉదయం ముప్పావుగంట సేపు ఇప్పుడు లేని ఆ ఊళ్లో తిరిగి, ఎనిమిది గంటల రైలెక్కి అదే ఊళ్లో దిగి, కార్డు చూపించి లోపలికి వెళ్లేవాణ్ణి.

తర్వాత గతంలోని అలవాట్లు. ఇది నాకు ఇష్టమైన పాఠం, ఎందుకంటే అందరూ తప్పు చేస్తారు, మా మేనేజర్లతో సహా. ఒకప్పుడు చేసి, ఇప్పుడు మానేసిన పనికి ‘యూజ్డ్ టు’ వాడాలి, దానికి ముందు ‘యామ్’ పెట్టకూడదు. పెడితే అర్థం వేరే అయిపోతుంది అని చెప్పాను. తెలుగులో మీరు ‘పోయేటోళ్లం, తినేటోళ్లం’ అంటారు కదా, అదే ఇది అన్నాను. ఆమె టకటకా అందుకుంది. బర్లు కాసేదాన్ని. బాయిల దుంకేదాన్ని. చింతపండు కొట్టేదాన్ని. పదమూడేళ్లప్పుడు ఎడ్లతో బావినీళ్లు తోడే మోట కొట్టేదాన్ని, మొగపిల్లలకంటే ఎక్కువ సేపు. అన్నీ ఇంగ్లీషులో పెట్టించాను. పెదనాన్న మెట్ల మీద నుంచి లేచి వచ్చి, ‘మోట గొట్టేదానివా? నాకెన్నడు జెప్పలే’ అన్నాడు. ‘నువ్వు అడిగినవా? గీ పిలగాడు అడిగిండు’ అంది. ముప్పై మూడేళ్ల సంసారంలో ఆయనకు తెలియని విషయాలు ఆ వారంలో పదకొండు బయటపడ్డాయి. నేను లెక్కపెట్టాను. ఫ్యాన్ రెక్కలు చాలా రోజులు అలాగే నేలమీద పడి ఉన్నాయి.

ఉత్సాహంలో నేనే ముందుకెళ్లి, ‘వి యూజ్డ్ టు ఆఫర్ బోనం టు పోచమ్మ’ అని రాసి చదవమన్నాను. ఆమె చదివి, ‘ఇది మానేసినోళ్లు అనే మాట గద?’ అంది. అవునన్నాను. ‘మేం మానేసినమా?’ అంది. గొంతు పెద్దది కాలేదు. నేను వెంటనే కొట్టేసి, ‘వి ఆఫర్ బోనం ఎవ్రీ ఇయర్’ అని రాశాను. ఆ రోజు ఆమె చెప్పగా కాగితం మీద నిలువుగా గీత గీసి రెండు వరసలు చేశాం: ఆగిపోయినవి ఎడమవైపు, ఇంకా నడుస్తున్నవి కుడివైపు. ఎడమవైపు కాగితం చాలలేదు, వెనక్కి తిప్పాల్సి వచ్చింది. కుడివైపు ఒక్కటే ఉంది.

మేనేజరుతో పదిహేను నిమిషాలు దొరికాయి. ఆషాఢం మొదలయ్యే ముందు వారం, బుధవారం పదకొండింటికి. పదిహేను నిమిషాలంటే ఆయన మాట్లాడేది ఎనిమిది, పలకరింపులు రెండు, ఆమెకు మిగిలేది ఐదు అని లెక్కవేశాను. అప్పటికి ఆమె దగ్గర ఇరవై ఏడు మంచి వాక్యాలున్నాయి, ఒక్క తప్పూ లేనివి. ఐదు నిమిషాల్లో ఇరవై ఏడు పట్టవు. నేను మా ఆఫీసు పద్ధతిలో, గేటుకు సంబంధించినవి, సంబంధం లేనివి అని వేరుచేశాను. దొడ్డి పోయింది, చింతచెట్టు పోయింది, బావి పోయింది, నాయనమ్మ పోయింది. పది వాక్యాలు మిగిలాయి. ముందు రోజు సాయంత్రం శుభ్రంగా ప్రింటు తీసి ఇచ్చాను.

ఆమె వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. ‘బాయి ఏది?’

‘అది అవసరం లేదు పెద్దమ్మా. మనం అడిగేది గేటు గురించి.’

‘నాయనమ్మ?’

‘టైం తక్కువ.’

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దోపుకుంది. పది మాటలకు మూడు చెప్పిన ఆ రియల్ ఎస్టేట్ ఆయన నాకు అప్పుడు గుర్తుకు రాలేదు. నా జాబితా చాలా బాగుందని మాత్రం అనుకున్నాను.

బుధవారం ఆమె ఆకుపచ్చ అంచు పసుపు పట్టుచీర కట్టుకుని వచ్చింది. రిసెప్షన్‌లో సెక్యూరిటీ అతను తన కంప్యూటర్ చూస్తూ, ‘ఇంతకు ముందు ఈ ప్రాంగణానికి వచ్చారా అమ్మా?’ అని అడిగాడు. అది అందరినీ అడిగే ప్రశ్న. ‘ఇరవై ఏండ్లు ఈడనే తిరిగిన బిడ్డా’ అంది. అతను ఏ గడిలో ఏం పెట్టాలో తెలియక నా వైపు చూశాడు. మెడలో విజిటర్ ట్యాగు వేసుకుని, లిఫ్టులో నా మోచేయి గట్టిగా పట్టుకుని, తొమ్మిదో అంతస్తుకు వచ్చింది. ఆమె అరచేయి చల్లగా ఉంది. అంత గొంతున్న మనిషికి భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మేనేజరు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. పెద్దమ్మ కాగితం తీయకుండానే మొదలుపెట్టింది. మొదటి వాక్యం తప్పులేదు. రెండోది తప్పులేదు. మూడో దాంట్లో ‘ఆన్ సండే’ అని ఒత్తి పలికి నా వైపు చూసింది. ఐదో వాక్యం దాకా ఆయన అంతా విని, తన ఇబ్బంది చెప్పాడు. దీపాలు, గుంపు, పేర్లు లేని మనుషులు, రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది తనే. చెప్పడంలో మొండితనం లేదు. అందుకే నాకు దిగులేసింది. మొండివాడైతే ఎప్పుడో ఒకప్పుడు మెత్తబడతాడు, సరిగ్గా ఆలోచించేవాడు మెత్తబడడు. ఇక ఆరో వాక్యం చెప్పాలి. ఆమె చెప్పలేదు. ఆయన వెనకున్న అద్దాల కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. నేను మరిచిపోయిందేమో అనుకుని పెదవులు కదిపి అందించబోయాను.

ఆమె లేచి అద్దం దగ్గరికి వెళ్లింది. తన ఊరిని అంత ఎత్తు నుంచి చూడడం ఆమెకు అదే మొదటిసారి. కింద గుట్ట, గుట్ట మధ్యలో వేపచెట్టు గుండ్రంగా కనిపిస్తున్నాయి. ‘సార్, కమ్’ అంది. అది నా జాబితాలో లేదు. ఆయన వచ్చాడు. ఆమె అద్దానికి వేలు ఆనించి ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టింది. ఆ గుట్ట వెనక మా గొర్రెల దొడ్డి. ఆ బస్సులు ఆగే చోట చింతచెట్టు. చెట్టు పక్కన బావి. ఎక్కడ అని ఆయన అడిగాడు. ఆమె వేలు జరిపింది. కార్లు సెల్లార్ పార్కింగ్‌లోకి దిగే వాలుదారి. ‘అండర్ దట్. నియర్ ద వాల్. బిగ్ వెల్ సార్, విత్ స్టెప్స్. రెయిన్ టైం, వాటర్ యూజ్డ్ టు కమ్ ఫ్రం రాక్, అండర్ రోడ్, ఇన్‌టు వెల్.’

మేనేజరు ఒక్క క్షణం ఆమె వేలినే చూశాడు. ‘ఏ గోడ? ఎడమదా, కుడిదా?’ అన్నాడు. అప్పటిదాకా లేని గొంతు అది. ఆమె ఎడమ అంది. ఆయన ఫోన్ తీసి ఎవరినో పిలిచాడు. రెండు నిమిషాల్లో మెయింటెనెన్స్ ఇంజనీరు చంకలో డ్రాయింగులతో వచ్చాడు. అప్పుడు తెలిసింది: ప్రతి వానాకాలం సెల్లార్‌లో ఎడమ మూల గోడలోంచి నీళ్లు ఊరుతున్నాయట. మూడుసార్లు లోపలి నుంచి పూత వేయించారట. ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎవరికీ తెలియదట. డ్రాయింగులు గీసేనాటికే బావి పూడ్చేశారు, కాబట్టి ఏ డ్రాయింగులోనూ బావి లేదు. గోడకు అవతల, వాలుదారి కింద, పూడ్చిన రాళ్ల మధ్య ఏటా నీళ్లు నిండుతున్నాయి. ‘పాపం, అవి ఏడికి వోతయ్ బిడ్డా’ అని ఇంజనీరుతో తెలుగులో అంది పెద్దమ్మ. అతను వరంగల్ వాడు. తర్వాత అరగంటసేపు నలుగురం అద్దం దగ్గరే నిలబడ్డాం. పదిహేను నిమిషాలు ఎప్పుడు దాటాయో ఎవరూ చూడలేదు. కాలువ ఎటు నుంచి వచ్చేది, వానలు ఎక్కువైతే ఎంత ఎత్తు పారేది, నాయనమ్మ ఎక్కడ నిలబడి పిల్లల్ని తిట్టేది, అన్నీ చెప్పింది. తప్పులు చాలానే చేసింది. ఎన్నో నాకు తెలియదు, అవి షీట్‌లో లేవు. నేను కూడా ఆ బావి ఎక్కడుందో అప్పుడే మొదటిసారి చూస్తున్నాను. అనవసరమని కొట్టేసింది నేనే కదా అని సిగ్గేసింది.

ఇంజనీరు వెళ్లాక మేనేజరు తన కుర్చీలో కూర్చుని, నీళ్ల సంగతికీ గేటు సంగతికీ సంబంధం లేదని, దీన్ని బదులుగా అనుకోవద్దని అన్నాడు. ఇక అయిపోయిందని నేను లేవబోయాను. తర్వాత ఆయన మెల్లగా అన్నాడు: ఈ స్థలంలో ఎక్కడ ఏముందో నాకంటే మీకే బాగా తెలుసు, మిమ్మల్ని బయట నిలబెట్టడం సరికాదు. పేర్ల జాబితా వారం ముందు ఇవ్వాలి. దీపాలు గుట్ట దగ్గరికి వచ్చాకే వెలిగించాలి. పక్కన ఇసుక బకెట్లుంటాయి. పెద్దమ్మకు సగం అర్థమైంది, మిగతా సగం ఆయన ముఖంలో చదువుకుంది. లిఫ్టులో నా వైపు తిరిగి, ‘ఏమంటవ్, కేసులెన్ని?’ అంది. ‘ఒక్కటి పెద్దమ్మా’ అన్నాను. ‘నా మీద.’ ఆమె నవ్వి, వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బకు నా మెడలోని ఐడీ కార్డు గిరగిరా తిరిగింది. ఆ కేసు ఆమె అక్కడే మూసేసిందని నాకు అర్థమైంది.

నలభై మూడు మంది ఆడపడుచుల పేర్లు నేనే విజిటర్ సిస్టమ్‌లో ఎక్కించాను. ‘వచ్చిన పని’ అన్న గడిలో ఉన్నవి మీటింగు, ఇంటర్వ్యూ, డెలివరీ, రిపేరు, ఇతరాలు. పోచమ్మ ‘ఇతరాలు’లోకి వెళ్లింది. ఆ ఆదివారం పొద్దున వెనక గేటు ముందు డప్పులు మోగుతుంటే, నలభై మూడు బోనాలు వేపమండలతో, పసుపు కుంకుమలతో తలల మీద నిలిచి ఉన్నాయి. కింద నలభై మూడు మెడల్లో నీలం రంగు ట్యాగులు. ఒక్కొక్కరూ తిరుగుడు గేటులోంచి రావాలని సెక్యూరిటీవాళ్లు ముందే అనుకున్నారు. తలమీద బోనంతో అందులోంచి రావడం ఎలాగో ఎవరూ ఆలోచించలేదు. మొదటి బోనంతో పెద్దమ్మ దాని ముందు ఆగి, ఇంగ్లీషులో కేక వేసింది. ‘సార్! బిగ్ గేట్!’ ఆ గొంతు మేడమీద నేను మూడేళ్లుగా వింటున్నదే. మేనేజరు పరుగెత్తుకొచ్చి లారీల గేటు తన చేత్తో తెరిచాడు. చెప్పులు ఎక్కడ వదిలాడో గానీ ఆయన కాళ్లకు చెప్పుల్లేవు. కాసేపటికి నుదుట పసుపు బొట్టుతో, చేతిలో ఆకులో పెట్టిన బెల్లమన్నంతో, ఇసుక బకెట్ పక్కనే నిలబడి కనిపించాడు. ‘సారూ, ఈట్, ఈట్. నో టెన్షన్’ అంటోంది పెద్దమ్మ.

మరుసటి వారం ఆయన నన్ను పిలిచి, తన తర్వాత వచ్చేవాళ్ల దగ్గర ఎవరూ మళ్లీ మొదటి నుంచి బతిమాలుకోకుండా, ఈ పూటను క్యాంపస్ క్యాలెండర్‌లో శాశ్వతంగా పెట్టమన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. ప్రతి వారం, ప్రతి నెల, ప్రతి సంవత్సరం. క్యాలెండర్‌లో ఉన్నవి ఈ మూడే. ఏది పెట్టినా కుదరదు. ఆషాఢం ఏటా జరుగుతుంది, అధికమాసం వస్తే ఇంకా జరుగుతుంది, అందులో ఏ ఆదివారమన్నది ఆడపడుచులందరూ మాట్లాడుకుని చెప్తారు. గంటసేపు కుస్తీపట్టి చివరికి ఒకే ఒక్క పని చేయగలిగాం. జూన్ మొదటి తేదీకి ఒక గుర్తు పెట్టాం: ‘పెద్దమ్మకు ఫోన్ చేసి ఏ ఆదివారమో అడగాలి’. కింద ఆమె నంబరు. ముగింపు తేదీ గడి ఖాళీగా వదిలేశాం. ఆయన బదిలీపై వెళ్లిపోయాడు, నేను ఇల్లు మారాను, ఫోన్ మాత్రం వెళ్తూనే ఉంది. ఆగిపోయినవి ఎవరూ పిలవకుండానే గుర్తుకొస్తాయి. నడుస్తూ ఉండాల్సిన వాటి గురించి మాత్రం ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఈసారి ఎప్పుడని అడగాల్సి ఉంటుంది.